దేహాలయ శుద్ధి - స్మృతి రక్షణ

తిరుమల క్షేత్రమున సంవత్సరమునకు నాలుగు పర్యాయములు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగుచుండును. ఉగాది, ఆణివార ఆస్థానము, వార్షిక బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి - ఈ నాలుగు పర్వములకు ముందు వచ్చు మంగళవారమునాడు ఆనందనిలయము మొదలుకొని బంగారువాకిలి వరకును, ఉపాలయములు, ప్రాకారములు, గోడలు, పైకప్పు, పూజాపాత్రలు సమస్తమును జలముతో శుద్ధి చేయుదురు. ఆ సమయమున మూలవిరాట్టును వస్త్రముతో పూర్తిగా కప్పియుంతురు. శుద్ధి ముగిసిన పిమ్మట నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరిపసుపు, పచ్చాకు, గడ్డకర్పూరము, గంధపుపొడి, కుంకుమ, కిచ్చిలిగడ్డ మున్నగు ద్రవ్యములు కలిపిన పరిమళజలమును ఆలయమంతట ప్రోక్షింతురు. అటుపై వస్త్రమును తొలగించి, అర్చన నివేదనములు జరిపి, భక్తులను దర్శనమునకు అనుమతింతురు.

కోయిల్ అనగా దేవాలయము. ఆళ్వార్ అనగా భగవద్గుణానుభవమున మునిగినవారు. రాళ్లతో కట్టిన కట్టడమును సైతము స్వామిని మోయుచున్న భాగ్యముచేత ఆళ్వారుగా భావించి, దానికి స్నానము చేయించుట మన సంప్రదాయము. ఇందు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. ఆలయమున చేరు మాలిన్యమంతయు వెలుపలినుండి వచ్చినది కాదు. దీపారాధనవలన మసి కలుగును. కర్పూరహారతివలన పొగ పట్టును. ఉదయమున స్వామికి సమర్పించిన తులసీమాల మరునాటికి నిర్మాల్యమగును. అనగా పూజ జరుగుచుండుటయే శేషమును పుట్టించుచున్నది. పూజను మానిన శేషముండదు. కాని అప్పుడది ఆలయము గాదు. కావున పూజయు జరుగవలెను, నిర్మాల్యమును తీయవలెను. రెండును కైంకర్యములే.

మానవదేహమును దేవాలయముతో పోల్చుట మన పెద్దలకు పరిపాటి. ఆ పోలిక ఎంత లోతైనదో గడచిన కొన్ని దశాబ్దములలో జీవశాస్త్రము వెల్లడించిన ఒక విషయమును పరిశీలించినచో బోధపడును.

కణములో జరుగు శుద్ధి

మన దేహము కోట్లకొలది జీవకణములతో నిర్మితమైనది. ప్రతి కణమును ఒక చిన్న గృహము వంటిది. దానిలో ప్రోటీనులు తయారగుచుండును. పని ముగిసినవి చెడిపోవుచుండును. మైటోకాండ్రియములను అతిచిన్న పొయ్యిలు శక్తిని పుట్టించుచు, కాలక్రమమున తామే పాడగుచుండును. ఈ శేషమును తొలగించుటకు కణమునందే ఒక ఏర్పాటు కలదు. చెడిన పదార్థము చుట్టును ఒక పలుచని పొర ఏర్పడి, దానిని సంచివలె మూసివేయును. ఆ సంచి లైసోసోమను మరియొక కోశముతో కలియును. లైసోసోములోని పాచకరసములు లోపలి పదార్థమును జీర్ణముచేసి, మరల ఉపయోగపడు ద్రవ్యములుగా మార్చి కణమునకు తిరిగి ఇచ్చును. కణము తనలోని శేషమును తానే భుజించుచున్నది గనుక దీనికి ఆటోఫేజీ అని పేరు. గ్రీకు భాషలో ఆ పదమునకు స్వభక్షణమని అర్థము. మనము దీనిని స్వశోధనమని చెప్పుకొనవచ్చును.

లైసోసోమును 1955లో కనుగొన్న బెల్జియము దేశీయుడు క్రిస్టియన్ డి డూవ్ 1963లో ఈ పేరు పెట్టెను. ఆయనకు 1974లో నోబెల్ బహుమానము లభించినది. కాని ఈ క్రియను నడుపు యంత్రాంగమేదో చాలకాలము తెలియలేదు. జపాను దేశమున యోషినోరి ఒసుమి అను శాస్త్రజ్ఞుడు రొట్టెలు పులియుటకు వాడు ఈస్టు కణములను ఆహారము లేకుండ ఉంచి, సూక్ష్మదర్శినితో పరీక్షించెను. పస్తున్న ఆ కణములలో చిన్న చిన్న సంచులు గుంపులుగా చేరుట ఆయన చూచెను. 1993లో ఈ క్రియకు అవసరమైన జన్యువులను పదిహేనింటిని ఆయన బృందము ప్రకటించెను. అవే వంటి జన్యువులు మానవులయందును గలవు. 2016లో ఒసుమికి నోబెల్ బహుమానము లభించెను.

ఆహారము సమృద్ధిగా నున్నపుడు కణము కొత్త పదార్థములను కట్టుకొనుటయందు మునిగియుండును, శుద్ధి మందగించును. ఆహారము తగ్గినపుడు శుద్ధి చురుకగును. పండుగ సందడిలో ఇల్లు కడుగుటకు తీరిక లేక, సందడి ముగిసిన పిమ్మట ఇల్లు కడుగుకొను గృహిణి రీతి ఇదియే.

నాడీకణమునకు ఈ శుద్ధి ప్రాణప్రదము

చర్మకణములు, రక్తకణములు పాతవి పోయి కొత్తవి వచ్చుచుండును. మెదడులోని నాడీకణముల తీరు వేరు. వానిలో అత్యధికము పుట్టుకతో వచ్చి, జీవితాంతము నిలుచునవి. ఎనుబది ఏండ్ల వృద్ధుని మెదడులోని నాడీకణము ఇంచుమించు ఎనుబది ఏండ్ల వయసుగలదియే. విభజన చెందు కణము తన మాలిన్యమును రెండు కణములకు పంచి పలుచన చేసికొనగలదు. నాడీకణమునకు ఆ వెసులుబాటు లేదు. అది నిత్యము తన్ను తాను శుద్ధిచేసికొనవలసినదే.

2006లో జపాను దేశమునకు చెందిన రెండు బృందములు ఈ విషయమును స్పష్టముగ నిరూపించినవి. ఎలుకల నాడీకణములలో మాత్రము స్వశోధనమునకు అవసరమైన జన్యువును తొలగించిరి. ఆ ఎలుకలకు మరే రోగకారకమును ఎక్కింపలేదు. అయినను వాని నాడీకణములలో ప్రోటీను ముద్దలు పేరుకొని, నడక తడబడి, నాడీకణములు క్షీణించినవి. నిర్మాల్యము తీయకపోవుటయే రోగమునకు చాలిన కారణమైనది.

మతిమరుపు వ్యాధులలో ప్రధానమైనది అల్జీమర్ వ్యాధి. 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ దీనిని తొలుత వర్ణించెను. ఈ రోగుల మెదడులో కణముల వెలుపల అమిలాయిడ్ అను పదార్థము పేరుకొనును. కణముల లోపల టౌ అను ప్రోటీను చిక్కుపడును. 2005లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాల్ఫ్ నిక్సన్ బృందము ఈ రోగుల నాడీకణములలో శుద్ధిసంచులు తయారై కూడ జీర్ణము కాక గుట్టలుగా పడియుండుట చూపెను. ఇంటిలోని చెత్తను ఊడ్చి బుట్టల కెత్తి, వానిని వీధి చివరకు చేర్చువారు లేక గడపలోనే పేర్చినట్లు! పార్కిన్సన్ వ్యాధియందు, అనగా కంపవాతమునందు, ఆల్ఫా సిన్యూక్లిన్ అను ప్రోటీను ముద్దకట్టును. వంశపారంపర్యముగ వచ్చు కొన్ని కంపవాతములలో చెడిన మైటోకాండ్రియములను గుర్తించి తొలగించు జన్యువులే లోపించుచున్నవని తేలినది.

ఈ పరిశోధనలో హైదరాబాదు నగరమునకును భాగము కలదు. అచ్చటి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున, అనగా సి.సి.ఎం.బి. యందు, ఘనశ్యామ్ స్వరూప్ గారి బృందము ఆప్టిన్యూరిన్ అను ప్రోటీనును చిరకాలము పరిశోధించినది. తొలగింపవలసిన పదార్థమును శుద్ధిసంచికి అప్పగించు పని ఈ ప్రోటీనుది. దీనిలోని లోపములు గ్లకోమా అను నేత్రవ్యాధికి కారణమని 2002లోను, కండరములను నడుపు నాడులు క్షీణించు వ్యాధికి కారణమని 2010లోను విదేశములలో వెల్లడియైనది. 2013లో స్వరూప్ గారి బృందము ఇందలి ఒక మార్పువలన శుద్ధి మితిమీరి, కణమునకు ఇనుమును అందించు ద్వారము కూడ జీర్ణమై, నేత్రపటలములోని నాడీకణములు మరణించుచున్నవని ప్రకటించినది. కావున శుద్ధి లోపించినను హాని, మితిమీరినను హాని. గర్భాలయము కడుగునపుడు మూలవిరాట్టును వస్త్రముతో కప్పి కాపాడుట యెందులకో ఈ దృష్టాంతముచే బోధపడుచున్నది. శుద్ధి చేయువానికి ఏది నిర్మాల్యమో, ఏది కాదో తెలిసియుండవలెను.

చికిత్స యెంతవరకు వచ్చినది?

పసిఫిక్ మహాసముద్రమున ఈస్టర్ అను దీవి కలదు. 1964లో అచ్చటినుండి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవినుండి రాపమైసిన్ అను ఔషధమును తీసిరి. దానిని వెలికితీసిన శాస్త్రజ్ఞులలో ప్రముఖుడు భారతీయుడైన సురేన్ సెహగల్. ఈ ఔషధము కణమునకు ఆహారము తగ్గినదన్న భ్రమ కలిగించి శుద్ధిని ప్రేరేపించును. 2004లో కేంబ్రిడ్జి బృందము హంటింగ్టన్ వ్యాధి గల ఈగలలోను, ఎలుకలలోను ఈ తరగతి ఔషధముల వలన మేలు కలుగుట చూపినది. కాని అవయవమార్పిడి చేసికొన్నవారి రోగనిరోధకశక్తిని అణచుటకు వాడు ఔషధమిది. వృద్ధులకు ఊరక ఇచ్చునది గాదు. స్వశోధనమును పెంచి మతిమరుపును మాన్పునని నిరూపితమై, ఆమోదము పొందిన ఔషధము నేటివరకు లేదు. అమిలాయిడును తొలగించు లెకానెమాబ్ అను ఇంజెక్షనుకు 2023లో అమెరికాలో పూర్తి ఆమోదము లభించినది. అది తొలిదశలోని రోగము నడకను కొంత మందగింపజేయును; పోయిన స్మృతిని తిరిగి తేదు. మెదడులో వాపు, రక్తస్రావము కలుగు ప్రమాదమును దానికి కలదు.

ఇచ్చట భక్తులొక విషయమున జాగ్రత్త వహింపవలెను. ఉపవాసమువలన కణశుద్ధి జరుగునని వినినంతనే, మన ఏకాదశి వ్రతము మతిమరుపునకు మందని ప్రచారము చేయువారు కలరు. అల్పకాలిక నిరాహారముచే ఎలుకల మెదడులో స్వశోధనము పెరిగినట్లు 2010లో ప్రకటితమైనది నిజమే. మనుష్యులలో ఉపవాసము ఈ రోగములను నివారించునని గాని, కుదుర్చునని గాని నిరూపితము కాలేదు. అంతకన్న ముఖ్యమైన మాట వేరొకటి కలదు. ఉపవాసమనగా స్వామి సమీపమున వసించుట. ఆ రోజున ఆహారచింత మాని భగవచ్చింతయందు కాలము గడపుట దాని స్వరూపము. ఔషధముగా స్వీకరింపబడిన ఏకాదశి ఔషధమే యగును, వ్రతము కానేరదు. మధుమేహమునకు మందులు వాడు వృద్ధులు వైద్యుని అడుగక పస్తుండిన ప్రాణాపాయము. శాస్త్రమునందు బాలురకు, వృద్ధులకు, ఆతురులకు వ్రతనియమములలో సడలింపు చెప్పబడినది. ఆ సడలింపును గ్రహించుటయు శాస్త్రవిధేయతయే.

సైబరాబాదు గృహములు

1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయీ గారు మాధాపూరున సైబర్ టవర్సును ప్రారంభించిరి. నాడు బండరాళ్లు నిండిన ఆ ప్రాంతము నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రామ్‌గూడలతో కూడిన మహానగరమైనది. అమెరికాకు పగలైనపుడు ఇచ్చట రాత్రి గనుక, అనేకులకు రాత్రియే పనివేళ. చిలుకూరు బాలాజీ సన్నిధిలో పదునొకండు ప్రదక్షిణములు చేసి కోరిక విన్నవించుకొని, అది నెరవేరిన పిమ్మట నూట యెనిమిది చేయు యువకులలో ఈ ఉద్యోగులు ఎందరో కలరు.

ఆ యువకులను పెంచిన తల్లిదండ్రులు కోస్తా, రాయలసీమ, తెలంగాణ పల్లెలనుండి వచ్చి, అంతస్తులపై అంతస్తులు గల భవనములలో కాలము గడపుచున్నారు. అట్టి గృహమొకటి ఊహింపుడు. ఏబది యేండ్లు విష్ణుసహస్రనామ పారాయణము తప్పని తల్లి ఒకనాడు నడుమ ఆగిపోయినది. మొదటినుండి ఆరంభించి మరల అచ్చటనే ఆగినది. కొన్ని మాసములకు రాత్రిపని ముగించుకొని తెల్లవారుజామున ఇల్లు చేరిన కుమారుని చూచి, "బాబూ, మీరెవరండీ?" అని అడిగినది. ఇది ఒక ఇంటి కథ కాదు. 2023లో ప్రకటితమైన జాతీయ అధ్యయనము ప్రకారము మన దేశమున అరువది యేండ్లు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా కలదు.

ఈ విషయమున నగరమునందలి విద్యాస్థానములు చేసిన సేవ స్మరణీయము. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందము 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఫలితము ప్రకటించినది. ఒకే భాష తెలిసినవారికన్న రెండు భాషలు మాట్లాడువారికి వ్యాధి నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగ వచ్చినది. అక్షరజ్ఞానము లేనివారిలోను ఈ భేదము కనిపించినది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో భారతీయుల మెదడునకు ఒక నమూనాపటము నిర్మించిరి. అంతకుముందు వాడుకలోనున్న విదేశీ పటముతో పోల్చిన మన మెదడు సగటున చిన్నదిగ తోచును. దానివలన లేని క్షీణత ఉన్నట్లు భ్రమపడు అవకాశము కలదు. మనకు మన కొలబద్ద అవసరమని ఆ కృషి చాటినది.

నిద్రయు నీ ప్రసంగమున విచారింపదగినదే. నిద్రవేళ మెదడులోని ద్రవప్రవాహము మాలిన్యమును తొలగించునని 2013లో ఎలుకలపై పరిశోధనచే చెప్పిరి. 2024లో మరియొక బృందము దానితో విభేదించినది. ఆ చర్చ ఎట్లు ముగిసినను, వేళకు నిద్ర దేహమునకు హితమనుటలో సందేహము లేదు. పాంచరాత్ర సంప్రదాయము భక్తుని దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని ఐదు కాలములుగ విభజించినది. రాత్రివేళ మనస్సును స్వామి పాదములయందుంచి విశ్రమించుట అందు చివరిది. రాత్రి మేలుకొనక తప్పని ఉద్యోగి పగటివేళనైనను ఆ ఐదవ కాలమును తనకు దక్కించుకొనవలెను.

2024లో లాన్సెట్ వైద్యపత్రికా సంఘము డిమెన్షియాకు కారణములైన పదునాలుగు అంశములను చెప్పి, వానిని సరిదిద్దిన సుమారు నూటికి 45 వంతుల రోగము నివారింపబడవచ్చుననియో, ఆలస్యము చేయబడవచ్చుననియో తెలిపినది. రక్తపోటు, మధుమేహము, పొగత్రాగుట, మద్యము, వ్యాయామలోపము, వినికిడి తగ్గుట, చూపు మందగించుట, ఒంటరితనము అందు కొన్ని. తల్లికి చెవియంత్రము కొనిపెట్టుట, తండ్రికి కంటిశుక్లము తీయించుట, మనుమలు వారితో తెలుగులో ముచ్చటించుట - ఇవి చిన్న పనులుగ తోచును. కాని ఇవియే మందులు లభింపని రోగమునకు నేడు చేతనున్న సాధనములు.

స్మృతి తప్పినవారి గతి యేమి?

ఇంతవరకు దేహవిషయము. భక్తులైన గృహస్థులను లోలోపల దహించు ప్రశ్న మరియొకటి కలదు. అంత్యకాలమున దేనిని తలచునో జీవుడు దానినే పొందునని శాస్త్రము. జింకపిల్లను తలచుచు ప్రాణము విడిచిన భరతుడు జింకయై పుట్టెను. మరి జీవితమంతయు స్వామిని సేవించి, చివరి పదియేండ్లు ఆ నామమునే మరచిన తల్లి గతి యేమి? మెదడులోని ఒక ప్రోటీను ముద్ద మోక్షమునకు అడ్డుగ నిలువగలదా?

దీనికి విశిష్టాద్వైత దర్శనము రెండు విధముల సమాధానము చెప్పుచున్నది. మొదటిది జీవస్వరూపమును గూర్చినది. జీవుడు జ్ఞానస్వరూపుడు, జ్ఞానము గుణముగ గలవాడును. దీపము వేరు, దాని వెలుగు వేరు అయినట్లు, ఈ గుణమైన జ్ఞానమునకు ధర్మభూతజ్ఞానమని పేరు. దేహేంద్రియములద్వారా ప్రసరించు ఈ జ్ఞానము సంకోచవికాసములు పొందును. దీపముపై కుండ బోర్లించిన వెలుగు కుంచించుకొనును, దీపము ఆరిపోలేదు. నాడీకణములు క్షీణించిన తల్లియందు కుంచించినది వెలుగే. భగవంతునకు శేషభూతమైన ఆత్మ, ఆయన సొత్తు, యథాతథముగనే యున్నది. ఆమెలో "ఇక ఎవరును లేరు" అని తలచుట సిద్ధాంతవిరుద్ధము.

రెండవది స్వామి స్వభావమును గూర్చినది. వరాహమూర్తిని భూదేవి ఇట్టి ప్రశ్ననే వేసినదని పెద్దలు చెప్పుదురు. మనస్సు స్వస్థముగను, దేహము ఆరోగ్యముగను, ధాతువులు సమముగను ఉన్నపుడు తన్ను తలచిన భక్తుడు, అవసానకాలమున కట్టెవలె, రాతివలె పడియుండి తలచుకొనలేకున్నను, అప్పుడు తానే ఆ భక్తుని తలచి పరమగతికి చేర్తునని స్వామి ప్రతిజ్ఞ చేసెను. ఇదియే వరాహచరమశ్లోకముగ ప్రసిద్ధమైనది. శ్రీవేదాంతదేశికులు దీనినే వివరించుటకు రహస్యశిఖామణి యను గ్రంథము రచించిరి.

ఈ ప్రతిజ్ఞలో స్వామి మన దేహధర్మమును తెలిసియే మాటయిచ్చెను. స్మృతికి ధాతుసామ్యము అవసరమని, అది ఎల్లకాలము నిలువదని ఆయన ఎరుగును. నిలువనిదానిపై మోక్షభారమును మోపుట దయామయునకు తగదు. కనుకనే ఆ భారమును తానే వహించెను. మన మెదడులోని నిర్మాల్యము పేరుకొని మన స్మృతి చెదరవచ్చును. ఆయన స్మృతియందు చేరు మాలిన్యమేదియు లేదు.

అయినచో మనకు మిగిలిన కర్తవ్యమేమి? స్వస్థత ఉన్నపుడే తలచుట. ముదిమి వచ్చిన పిమ్మట చూతమని వాయిదా వేయువాడు ఈ ప్రతిజ్ఞలోని మొదటి సగమును విడిచి రెండవ సగమును ఆశించుచున్నాడు. ముప్పది యేండ్ల ఉద్యోగికి నేడున్న తీరికలేని దినమే ఆ స్వస్థకాలము.

గృహస్థుల కైంకర్యము

మతిమరుపు ఆరంభమైనదని తోచినంతనే వైద్యుని చూపవలెను. బి12 లోపము, థైరాయిడు లోపము వంటి కారణములచే వచ్చు మరపు చికిత్సచే తగ్గవచ్చును. వ్యాధి నిశ్చయమైన పిమ్మట, "నేనెవరినో చెప్పు" అని మాటిమాటికి పరీక్షింపరాదు. చెప్పలేక వారు పడు అవమానము మనకు కనిపింపదు. వారికి మాత్రము తెలియును. అడిగినదే నూరుసార్లు అడిగినను నూరవసారియు మొదటిసారివలె సమాధానము చెప్పవలెను. అర్చకస్వామి ప్రతిదినమును అవే ఉపచారములు విసుగులేక చేయుటలేదా? పాతపాటలు, చిన్ననాట నేర్చిన స్తోత్రములు కొందరిలో చాలకాలము నిలుచును. ఉదయము సుప్రభాతము వినిపించుట, వారి చేతితోనే తులసిదళము సమర్పింపజేయుట, తీర్థము ఇచ్చుట మానరాదు. ఏకాదశినాడు వారిని పస్తుంచరాదు. వారి సేవలో నిద్ర కోల్పోవు కోడలిని, కుమార్తెను గూడ ఇంటివారు గమనించి, పనిని పంచుకొనవలెను. ఒకే భుజముపై వాహనమును మోయింపరు గదా.

తిరుమల చేరిన యాత్రికుడు మున్ముందుగ స్వామిపుష్కరిణీ తీరమున వెలసిన వరాహస్వామిని సేవించి, తరువాతనే శ్రీనివాసుని దర్శింపవలెనని ఆచారము. ఆ సన్నిధిలో నిలిచినపుడు, ఇంటిలో తన పేరు తానే మరచి కూర్చున్న పెద్దవారి పేరును భక్తుడు స్వామికి విన్నవించుకొనవచ్చును. స్వామికి తెలియదని కాదు. వారి పక్షమున తలచువారొకరు ఈ లోకమునను ఉన్నారని చాటుటకు.

శాస్త్రజ్ఞుల కృషి ఫలించి ఈ వ్యాధులకు మంచి ఔషధము త్వరలో లభించుగాక. అంతవరకును, అటుపైనను, వృద్ధులను ఆలయమువలె కాపాడు బుద్ధిని భూవరాహస్వామి సకల గృహస్థులకు ప్రసాదించుగాక. సర్వే జనాః సుఖినో భవంతు.